మా ఆయన కార్డు, మా ఆడపడుచు నంబరు

మా ఆయన బ్యాంకు కార్డు పిన్ నంబరు నాకు తెలియదన్న సంగతి, విశాఖపట్నం వన్ టౌన్‌లో ఒక గాజుల షాపులో పదిమంది ముందు బయటపడింది. నాకు తెలియకపోతే పోనీ, మా ఆడపడుచుకి తెలుసన్న సంగతి కూడా అక్కడే, ఆ నిమిషంలోనే బయటపడింది.

ఆవిడ మా ఆయనకి చెల్లెలు. నాకంటే ఆరేళ్ళు చిన్నది. అయినా నేను ‘ఆవిడ’ అనే అంటాను. అందులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో నాకే సరిగ్గా తెలియదు. ఆవిడకి ఎలమంచిలిలో చిన్న ఫ్యాన్సీ షాపు ఉంది. బొట్టుబిళ్ళలు, గాజులు, పిల్లల క్లిప్పులు, జడ రబ్బర్లు అమ్ముతుంది. పదిహేను రోజులకోసారి, మంగళవారం పొద్దున్నే రైలెక్కి వచ్చి, డ్యూటీకి వెళ్ళకముందే వాళ్ళన్నయ్య దగ్గర కార్డు తీసుకుని, వన్ టౌన్‌లో సరుకు కొనుక్కుని, మధ్యాహ్నం మద్దిలపాలెంలో మా ఇంట్లో భోంచేసి, సాయంత్రం రైలుకి వెళ్ళిపోతుంది. సరుకుకి ఆ కార్డు వాడుకుని, వారం తిరక్కుండా ఆ డబ్బు ఆయన ఖాతాలో వేసేస్తుంది. ఒక్కసారి ఆలస్యం చేస్తే చాలు, నాలుగు మాటలు అందామని నేను కాచుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆ ఒక్క అవకాశం కూడా ఇవ్వలేదు మహాతల్లి.

కార్డు నేనూ వాడేదాన్ని. అయితే నా కొనుగోళ్ళన్నీ చిన్నవి. కూరగాయలు, సబ్బులు, పిల్లాడి నోటు పుస్తకాలు. కార్డు మిషన్‌కి ఆనిస్తే టింగుమని మోగేది, అంతే. చిన్న మొత్తాలకి పిన్ అడగదు. ఆవిడ కూడా అలాగే ఆనించి తెచ్చుకుంటోందనుకున్నాను. పిన్ అనే వస్తువు ఒకటి ఉందని నాకు ఎప్పుడూ గుర్తుకు రాలేదు.

ఆ మంగళవారం శ్రావణమాసం పేరంటానికి గాజులు కావాలని నేనూ ఆవిడతో వెళ్ళాను. హోల్‌సేల్ కదా అని చెయ్యి కాస్త ధారాళంగా ఆడించాను. బిల్లు ఎక్కువయింది. కార్డు ఆనిస్తే మిషన్ ఒప్పుకోలేదు.

“పిన్ చెప్పండమ్మా, నేను కొట్టేస్తాను” అన్నాడు షాపతను. వన్ టౌన్‌లో అందరూ అలాగే గట్టిగా చెప్పేస్తారు, వాళ్ళు అలాగే కొట్టేస్తారు.

మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన స్టీల్ ప్లాంటులో పనిచేస్తారు. డ్యూటీలోకి వెళ్ళేటప్పుడు ఫోన్ లాకర్లో పెట్టేస్తారని తెలిసీ రెండుసార్లు చేశాను. వెనకాల బేరగాళ్ళు గొణుగుతున్నారు. అప్పుడు ఆవిడ నా భుజం పక్కనుంచి ముందుకొచ్చింది.

“సెప్పడమేటి బాబూ, అలా సెప్పకూడదు. ఆ మిషనిలాగియ్యి” అంది. చీర చెంగు తీసి మిషన్ మీద గొడుగులా కప్పింది. చెంగు కింద నాలుగు నొక్కులు నొక్కింది. బిల్లు కాగితం గిర్రుమని బయటికొచ్చింది.

“నీకెలా తెలుసమ్మాయ్?” అన్నాను.

“అన్న సెప్పేడు వదినా. నీకు తెల్దేటి?” అంది. పాపం, నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యమే నన్ను కాల్చేసింది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఆయనకి ఏ కూరలో ఎంత ఉప్పు కావాలో, ఏ మోకాలు ఏ వాతావరణానికి సలుపుతుందో నాకు తెలుసు. ఆ నాలుగు అంకెలు మాత్రం ఆవిడకి తెలుసు. ఆ రోజు కొన్న గాజుల్లో ఒక్క జత కూడా నేను వేసుకోలేదు.

సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి టీ గ్లాసు అందుకునేదాకా ఓపిక పట్టాను. ఆ ఓపికకి నన్ను నేనే మెచ్చుకోవాలి.

“ఏవండీ, మీ కార్డు పిన్ ఏంటండీ?” అన్నాను.

చెప్పారు. నాలుగు అంకెలు. నా పుట్టినరోజు కాదు. పెళ్ళిరోజు కాదు. పిల్లాడి పుట్టినరోజు కాదు.

“ఎవరిది ఆ నంబరు?”

“నా సెల్లెలి పదో తరగతి హాల్ టికెట్ నంబరే. ఆకరి నాలుగంకెలు” అన్నారు, టీ ఊదుకుంటూ.

నేను విన్నది నిజమేనా అని ఇంకోసారి చెప్పించుకున్నాను. అప్పుడు ఆ కథంతా బయటికొచ్చింది. వాళ్ళది ఎలమంచిలి పక్కన పల్లె. ఆ రోజుల్లో పదో తరగతి ఫలితాలు పేపర్లో వేసేవారు, పాసైన వాళ్ళ నంబర్లు మాత్రమే. తప్పితే ఇక చదువు మాన్పించి పెళ్ళి చేసేస్తామని ఇంట్లో అనేశారట. పేపరు తెల్లారుజామున రైల్లో వస్తుంది. ఈయన సైకిలేసుకుని ఎలమంచిలి స్టేషన్‌కి బయల్దేరారు. సగం దూరం వెళ్ళాక చూసుకుంటే నంబరు రాసిన చీటీ ఇంట్లోనే మర్చిపోయారు. వెనక్కి వెళ్తే పేపర్లు అయిపోతాయి. నంబరు ఒక్కసారే చూశారు. అది జారిపోకుండా దారంతా పైకే వల్లించుకుంటూ తొక్కారట.

“అలా నోట్లో ఉండిపోయిందే. పేపర్లో దొరికినప్పుడు స్టేషన్లో గెంతేను. ఆ నంబరొక్కటే ఈ జన్మకి మర్సిపోను. అందుకే ఎట్టేను. అందులో తప్పేటి?” అన్నారు.

తప్పేటి? వినేవాళ్ళు ఎవరైనా కళ్ళు తుడుచుకునే కథే. నేను కూడా పరాయిదాన్నయితే తుడుచుకునేదాన్నే.

నాకూ ఒక హాల్ టికెట్ నంబరు ఉండేది. మాది గోదావరి జిల్లా. నాన్నగారికి ప్లాంటులో ఉద్యోగం రావడంతో చిన్నప్పుడే ఇక్కడ క్వార్టర్స్‌కి వచ్చేశాం. నా ఫలితాలొచ్చిన రోజు నాన్నగారు డ్యూటీలో ఉన్నారు, అన్నయ్య సినిమాకి పోయాడు. పక్క క్వార్టర్ వాళ్ళ పేపరు అడిగి తెచ్చుకుని, మెట్ల మీద కూర్చుని నా నంబరు నేనే వెతుక్కున్నాను. దొరికింది. లోపలికెళ్ళి పాసయ్యానని చెప్తే, “సరేలే, ఆ పప్పు దించు” అంది అమ్మ. నా నంబరు ఎంతని ఎవరూ అడగలేదు. ఆ సంగతి ఆయనకి నేనెప్పుడూ చెప్పలేదు, ఆ రోజు కూడా చెప్పలేదు. దానికి బదులు టీ గ్లాసు ఆయన చేతిలోంచి లాక్కున్నాను.

“నా పుట్టినరోజు ఎప్పుడో చెప్పండి చూద్దాం.”

“అదేటి, శీతాకాలం గదా” అన్నారు.

శీతాకాలమట! నాలుగు రోజులు మాట్లాడలేదు. వంట చేశాను గానీ వడ్డించలేదు. ఐదో రోజు ఆయనే దిగొచ్చారు. మద్దిలపాలెం జంక్షన్ దగ్గర ఏటీఎంకి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, నా ముందే పిన్ మార్చారు. నా పుట్టినరోజు పెట్టారు. మొదట రెండంకెలు తేదీ, తర్వాత రెండు నెల. మిషన్ ‘మార్చబడింది’ అని చూపించగానే నాకు ఎంత సంబరమయిందంటే, ఆ ఏసీ గదిలోంచి బయటికి రాబుద్ధి కాలేదు.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? పిన్ మారిన సంగతి ఆవిడకి చెప్పొద్దని ఆయనతో ఒట్టు వేయించుకున్నాను. నాకు కావలసింది వేరే. తర్వాత ఆవిడ సరుకుకి వచ్చిన మంగళవారం, పదకొండింటికి ఫోన్ మోగింది. షాపులోంచి ఆవిడ.

“వదినా, అన్న కార్డు పని సేత్తంలేదు. రెండుసార్లు తప్పని సూపింది. మూడోసారి కొడితే లాకయిపోద్దని మానేసేను.”

ఈ ఫోన్ కోసమే పది రోజులు ఎదురుచూశాను. “అయ్యో, మీ అన్నయ్య పిన్ మార్చేశారమ్మాయ్. నీకు చెప్పలేదా?” అన్నాను. ‘నీకు చెప్పలేదా’ అన్న మాటని ఎంత తియ్యగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. “నా పుట్టినరోజు పెట్టుకున్నారు” అని, ఆ నాలుగంకెలు ఒక్కొక్కటీ విడదీసి చెప్పాను.

“పుట్టినరోజులు ఎట్టకూడదు వదినా. ఎవడైనా ముందు అదే నొక్కుతాడు. మా బ్యాంకోలు నెత్తీ నోరూ బాదుకుని సెప్తన్నారు” అంది.

ఏడుస్తోంది, ఓర్చుకోలేకపోతోంది అనుకున్నాను. ఫోన్ పెట్టేసి, ఆ పూట వంకాయ కారం పెట్టి కూర చేశాను. ఆవిడకి ఇష్టమని కాదు, నాకు ఉత్సాహంగా ఉండి.

ఆ తర్వాత నెలన్నరకి జరిగింది అసలు సంగతి. వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. బస్సుల్లో దొంగలు మిషన్ పట్టుకు తిరుగుతున్నారని, మన పక్కన నిలబడి పర్సుకి ఆనిస్తే చాలు, డబ్బులు లాగేస్తారని, కార్డుకి వెండి కాగితం చుట్టి పెట్టుకోవాలని. చదవగానే భయం వేసింది. కార్డు నా దగ్గరే ఉంటోంది అప్పటికి. అది కూడా నేను సాధించుకున్నదే, ఆవిడకి కావాలంటే నా చేతుల మీదుగా తీసుకోవాలని. వంటింట్లో వెండి కాగితం చుట్ట చూస్తే ఖాళీ. పర్సులో ఒక జిరాక్సు కాగితం ఉంది, సిమ్ కార్డు మార్పించుకోవడానికని తీయించుకున్నది. వెండి కాకపోతే ఏమైంది, కాగితం కాగితమే కదా అని దాన్ని నాలుగు మడతలు పెట్టి కార్డుకి చుట్టి, రబ్బరు బ్యాండు వేశాను. ఎంత జాగ్రత్తపరురాలినో అని మురిసిపోయాను.

ఆ కాగితం నా ఆధార్ కార్డు జిరాక్సు.

శుక్రవారం నాడు బస్సులో కిక్కిరిసిన జనం. ఇంటికొచ్చి పడుకున్నాను, సంచీ తెరిచి చూసుకోలేదు. ఆయన డ్యూటీ దిగి లాకర్లోంచి ఫోన్ తీసేసరికి బ్యాంకు మెసేజ్‌లు వరసగా ఉన్నాయట. రొప్పుకుంటూ ఇంటికొచ్చారు. “కార్డు నీ కాడే ఉందా?” అన్నారు. సంచీ తిరగేశాను. చిన్న పర్సు లేదు. సంచీ అడుగున బ్లేడుతో కోసిన గీత ఉంది. వెనక గది రేకులు తీయించి స్లాబు వేయిద్దామని దాచిన డబ్బులో సగం పోయింది. రోజుకి ఇంతే తీయాలని హద్దు ఉండబట్టి మిగతా సగం మిగిలింది.

ఆయన కాళ్ళూ చేతులూ ఆడక చెల్లెలికి ఫోన్ చేశారు. ఏం చెయ్యాలో తోచనప్పుడు ఆయన చేసే పని అదే.

“ముందు బ్లాక్ సెయ్యన్నా! ఆనక ఏడుద్దువు గాని” అని అరిచింది. ఆ కేక నాకు వినిపించింది. బ్యాంకు నంబరు ఆయన ఫోన్‌లో ఎప్పుడో ఆవిడే ఎక్కించి పెట్టిందట. రెండు నిమిషాల్లో కార్డు బ్లాక్ అయింది. డబ్బు పోయిన బాధలో కూడా, ఆ రెండు నిమిషాలు ఆవిడవి అయ్యాయని నాకు ఒళ్ళు మండింది. అబద్ధం చెప్పి లాభం ఏముంది, మండింది.

మర్నాడు బ్యాంకులో ఒక చిన్నపిల్ల, ఉద్యోగంలో కొత్తగా చేరినట్టుంది, కంప్యూటర్లో చూసి చెప్పింది. “ఒకసారి పిన్ తప్పు పడిందండి. రెండోసారికి కరెక్టుగా పడింది. పిన్ ఎవరెవరికి తెలుసు?”

“ముగ్గురికి. నాకు, మా ఆవిడకి, మా సెల్లెలికి” అన్నారు మా ఆయన.

“పర్సులో కార్డుతోపాటు ఇంకేమున్నాయండి మేడమ్?”

నోరు తెరిచాను. అప్పుడు వెలిగింది. ఒకసారి తప్పు, రెండోసారి కరెక్టు. వాడు మొదట నొక్కింది నేను పుట్టిన సంవత్సరం. అది పడలేదు. తర్వాత నొక్కింది తేదీ, నెల. రెండూ ఆ కాగితం మీద ఉన్నాయి, నా ఫోటో పక్కనే. దొంగకి తాళం ఇచ్చి, తాళంచెవి దానికే కట్టి ఇచ్చాను.

“చిల్లర, బస్సు టికెట్టు, మందుల చీటీ” అన్నాను.

ఆధార్ సంగతి చెప్పలేదు. భయం వేసింది. ఆయన ఏమంటారోనని కాదు. ‘పుట్టినరోజులు ఎట్టకూడదు వదినా’ అన్న ఆవిడ మాట నిజమైపోతుందని. ఆ పిల్ల దరఖాస్తు రాయించుకుంది. పోలీసులకి కూడా ఫిర్యాదు ఇవ్వమంది. పిన్ కరెక్టుగా పడింది కాబట్టి డబ్బు తిరిగొస్తుందని గట్టిగా చెప్పలేనని మెల్లగా చెప్పింది.

తిరిగి వస్తూ బస్టాపులో ఆయన అన్నారు. “పిన్ ఆడికి ఎలా తెల్సుద్దే? ఏటీ అర్తం అవట్లేదు.”

నేను రోడ్డు వైపు చూస్తూ ఒక్క మాట అన్నాను. “నేనైతే ఎవరికీ చెప్పలేదండి. మీరూ చెప్పలేదు.”

అంతే అన్నాను. ముగ్గురిలోంచి ఇద్దరిని తీసేస్తే ఎవరు మిగులుతారో ఆయనే లెక్క వేసుకున్నారు. వన్ టౌన్‌లో చెంగు కప్పుకుని పిన్ నొక్కే మనిషి మొత్తం విశాఖపట్నంలో ఆవిడొక్కతే అని నాకు తెలుసు. నా కళ్ళతో చూశాను. అయినా ఆ మాట అనేశాను.

ఆయన ఆ రాత్రి చెల్లెలికి ఫోన్ చేసి, నొచ్చుకుంటూ నొచ్చుకుంటూ అడిగారు. షాపుల్లో ఎవరి ముందైనా నొక్కేవా అమ్మీ, ఎవరైనా సూసుంటారా అని. అవతల ఆవిడ ఏమందో వినపడలేదు. ఆయన మాత్రం “నిన్నంటంలేదే, ఊరికే అడుగుతన్నాను” అని మూడుసార్లు అన్నారు.

తర్వాత రావలసిన మంగళవారం ఆవిడ రాలేదు. ఆ పై పదిహేను రోజులకీ రాలేదు. వదినా అన్న పిలుపు లేదు, మా ఇంటి గుమ్మంలో బొట్టుబిళ్ళల మూట లేదు. ఆయన భోజనాల దగ్గర మాట్లాడటం తగ్గించారు. ఇరవై రెండేళ్ళుగా నేను కోరుకున్నది ఇదే కదా, ఆయనకి చెప్పుకోవడానికి నేనొక్కదాన్నే మిగలాలని. మిగిలాను. ఆయన మాత్రం నాకు ఏమీ చెప్పుకోలేదు. టీవీ చూస్తూ కూర్చునేవారు, అది ఏ ఛానలో కూడా తెలియకుండా. చెబుదామా అని రోజూ అనుకునేదాన్ని. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటా అంటే ఆవిడ మళ్ళీ గెలుస్తుంది. అందుకని నోరు కుట్టేసుకున్నాను.

నెల దాటాక ఒక మంగళవారం ఆవిడ వచ్చింది. ఆయనకి వీక్లీ ఆఫ్, ఇంట్లోనే ఉన్నారు. మనిషి చిక్కిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు. సంచీలోంచి గాజులు పెట్టే అట్టపెట్టె ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. మూత తీస్తే నోట్లకట్టలు.

“అన్నా, పోయిన డబ్బు ఇది. సీటీ పాట పాడేసి తెచ్చేను. నాను ఆలోసించి ఆలోసించి సూసేను. జాగర్తగానే నొక్కేను. అయినా ఎక్కడో పైన కెమెరా ఉందో, ఎవడైనా సెయ్యి కదలిక సూసేడో. నా వల్లే అయ్యుంటాది. తప్పు నాదే గావాల. నువ్వూ వదినా నా గురించి ఇంకేటీ అనుకోకండి. నాను సొంతంగా కార్డు తీసుకున్నాను. ఇక నీ కార్డు ముట్టుకోను.”

మా ఆయన మొహం చూశాను. ఆ పెట్టె వైపు చూడట్లేదు. చెల్లెలి వైపు చూస్తున్నారు, ఎలమంచిలి స్టేషన్లో పేపరు పట్టుకుని గెంతినప్పుడు ఆ నంబరుని ఎలా చూసి ఉంటారో అలా. ఇంత జరిగాక, తప్పు నాది అని తలవంచుకున్నాక, ఆవిడ ఆయన కళ్ళకి ఇంకా ఎత్తుకి ఎదిగిపోయింది. నేనేమో మూల నిలబడి ఉన్నాను. నన్ను ఎవరూ చూడటం లేదు. నా అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఆ తప్పు నాది!” అని అరిచాను.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

“నాది అంటుంటే! నా ఆధార్ కాగితం కార్డుకి చుట్టి రబ్బరు బ్యాండు వేసి మరీ పెట్టింది నేను. దాని మీద నా పుట్టినరోజు ఉంది. వాడు చూసి నొక్కుకున్నాడు. నాకు బ్యాంకులోనే తెలిసింది. తెలిసే చెప్పలేదు. అన్నీ నీవే అయిపోయాయి కదమ్మాయ్, పిన్ను నీదే, అన్నయ్యా నీవాడే, ఆఖరికి నేను చేసిన తప్పు కూడా నువ్వే పట్టుకుపోతావా? ఇవ్వను. అది నాది!”

నిజం చెప్పిన వాళ్ళు పశ్చాత్తాపంతో చెబుతారంటారు. నేను మాత్రం అసూయతోనే చెప్పాను.

ముందు ఆవిడే తేరుకుంది. పోనీలే వదినా అంటుందనుకున్నాను. అంటే దానికీ మండిపడదామని సిద్ధంగా ఉన్నాను. అనలేదు.

“నెల్రోజులు నాను నిద్రపోలేదు వదినా” అంది. “షాపులో ఎవరు నా సెయ్యి ఏపు సూసినా దొంగలాగ కనిపించీవోడు. అన్న నన్ను అడిగిన కాణ్ణించీ అన్నం దిగలేదు. నీకు తెలిసుండీ! ఒక్క మాట సెప్పలేపోయేవా?”

అట్టపెట్టె మూత పెట్టి సంచీలో వేసుకుంది. భోంచేసి వెళ్ళమని అనడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ వెళ్ళిపోయింది. ఆయన వెనకాలే చెప్పులేసుకుని స్టేషన్ దాకా దిగబెట్టడానికి వెళ్ళారు. తిరిగొచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పది రోజులకి బ్యాంకు నుంచి కొత్త కార్డు వచ్చింది. కవరు చింపి నా చేతిలో పెట్టారు.

“ఎల్లి పిన్ నువ్వే ఎట్టుకో. నాకు సెప్పకు. నా సెల్లెలికీ సెప్పకు. నీకు కావల్సింది అదే గదా” అన్నారు. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి, “నీ పుట్టినరోజు మాత్రం ఎట్టీకు” అన్నారు.

అదే ఏటీఎం గదిలో నిలబడ్డాను. నాలుగంకెలు నొక్కమని అడుగుతోంది మిషన్. పుట్టినరోజు వద్దు, పెళ్ళిరోజు వద్దు, ఫోన్ నంబరు వద్దు, స్కూటరు నంబరు వద్దు. నాకు సంబంధించినదని ఎవరూ ఊహించలేనిది కావాలి. నా జీవితంలో ఎవరికీ తెలియని నంబరు ఏముంది అని వెతుక్కుంటే ఒక్కటే దొరికింది. క్వార్టర్ మెట్ల మీద కూర్చుని, అరువు తెచ్చుకున్న పేపర్లో నేను ఒక్కదాన్నే వెతుక్కున్న నంబరు. ఎవరూ అడగలేదు కాబట్టి దానంత భద్రమైనది ఇంకోటి లేదు. చివరి నాలుగంకెలు నొక్కాను. చీర చెంగు కప్పుకుని నొక్కాను, గదిలో ఎవరూ లేకపోయినా.

ఆవిడ మళ్ళీ రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. వచ్చింది. మొహం మామూలుగా లేదు గానీ వచ్చింది. నేను వంకాయ కారం పెట్టి కూర చేశాను, ఈసారి ఆవిడకి ఇష్టమనే. మాట్లాడుకోకుండానే తిన్నాం. కంచం కడుగుతూ, నా వైపు తిరక్కుండా అడిగింది.

“వదినా, నువ్వు పది పాసయ్యేవు గదా. నీ హాల్ టికెట్ నంబరు ఎంత?”

చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఆ మాట నన్ను అడిగిన మనిషి లేదు. అమ్మ అడగలేదు, నాన్నగారు అడగలేదు, తాళి కట్టినాయన అడగలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడకి కనపడకుండా పొయ్యి వైపు తిరిగాను.

“గుర్తులేదమ్మాయ్” అన్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి పిన్ మార్చేశాను.